స్థూపం మీది పేరు, బొందలగడ్డలోని గోరీ

అక్టోబరు రెండో వారం దాటగానే జిల్లా పోలీసు కార్యాలయాల్లో ఒక పని మొదలవుతుంది. పరేడ్ మైదానంలోని అమరవీరుల స్థూపాన్ని నీళ్లు కొట్టి కడుగుతారు. చుట్టూ గడ్డి కోస్తారు. వెలిసిపోయిన అక్షరాలకు రంగు దిద్దుతారు. నల్లగొండైనా, మహబూబ్‌నగర్ అయినా, సూర్యాపేట, వనపర్తి అయినా అదే వరస. పోలీసు సంస్మరణ దినమైన ఇరవై ఒకటో తారీకు పొద్దున అధికారులు, చనిపోయిన పోలీసుల కుటుంబాలు వచ్చి కూర్చుంటారు. 'శోక్ శస్త్ర్' అనే ఆజ్ఞకు తుపాకుల మొనలు నేలవైపు దిగుతాయి. ఆ ఏడాది దేశమంతటా విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పోలీసుల పేర్లు చదువుతారు. బ్యూగిల్ మోగుతుంది, పూలదండలు పెడతారు, రెండు నిమిషాలు మౌనం.

ఆ స్థూపం మీద పేరున్న కానిస్టేబుల్‌ను వాళ్ల ఊరి చివర పాతిపెట్టి ఉంటారు. లేదంటే దహనం చేసిన చోట చిన్న గద్దె కట్టి ఉంటారు. అక్కడికి ఆ రోజు ఎవరైనా పోవాలన్నా, చాలా ఊళ్లలో సర్కారు తుమ్మ కొడితే తప్ప దారి దొరకదు. పేరును చూసుకునేది పోలీసు శాఖ. మట్టిని చూసుకోవాల్సింది పంచాయతీ. ఈ రెండింటినీ కలిపే ఏర్పాటు మాత్రం ఎక్కడా కనిపించదు. అమరుల స్మరణ మీద ఏటా ఇన్ని మాటలు వినబడినా, ఈ ఖాళీ మీద మాట రావడం అరుదు.

నిజానికి అక్టోబరు 21 అనే తారీకే ఇంటికి దూరంగా బూడిదైన దేహాలతో ముడిపడింది. 1959లో ఆ రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర, తిరిగి రాని సహచరులను వెతకడానికి వెళ్లిన పోలీసు దళం మీద చైనా సైనికులు కాల్పులు జరిపారు. అప్పట్లో ఆ సరిహద్దు కాపలా పోలీసుల పనే. పదిమంది చనిపోయారు. చనిపోయినవాళ్ల దేహాలను చైనా నవంబరు 13న గానీ అప్పగించలేదు. వాటిని సొంత ఊళ్లకు పంపలేదు, ఆ మంచు నేలమీదే పోలీసు లాంఛనాలతో దహనం చేశారు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఐజీల సమావేశం ఆ రోజును ఏటా సంస్మరణ దినంగా పాటించాలని తీర్మానించింది. 2018లో అదే తారీకున ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం మొదలైంది. 30 అడుగుల ఎత్తు, 238 టన్నుల బరువున్న గ్రానైట్ ఏకశిల, దాని దగ్గర గోడ మీద స్వాతంత్ర్యం వచ్చినప్పటినుంచి అప్పటిదాకా చనిపోయిన 34,844 మంది పేర్లు.

అన్ని వేల పేర్లున్న గోడ ముందు ఒక పేరు వెతుక్కోవడం కుటుంబానికి ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు. దేశానికి గోడ కావాలి, కాదనలేం. ఆ ఇంటికి కావాల్సింది మాత్రం ఒక చోటు. చేత్తో తాకగలిగినది, పెద్దల అమావాస్య నాడు దీపం పెట్టగలిగినది.

దక్షిణ తెలంగాణలో ఈ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే జిల్లాల చరిత్రే కనిపిస్తుంది. పాలమూరు వైపు ఎక్కువ భాగం నల్లమల కథ. అచ్చంపేట, అమ్రాబాద్, కొల్లాపూర్ ప్రాంతాల్లో నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య రెండు దశాబ్దాలకు పైగా నడిచిన పోరు రెండు వైపులా మనుషులను తీసుకుపోయింది. 1993 నవంబరులో కొల్లాపూర్ దగ్గరి సోమశిల దారిలో మందుపాతర పేలి మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశినాయుడు, ఆయనతో ఉన్న పోలీసులు చనిపోయారు. ఇప్పుడు సోమశిలకు జనం కృష్ణ ఒడ్డు చూడటానికి, లాంచీ ఎక్కడానికి, శ్రీశైలం ముంపులోంచి తరలించి కట్టిన గుళ్లు చూడటానికి పోతారు. ఆ దారిలో కారు నడిపే కుర్రాళ్లలో ఆ సంగతి ఎందరికి తెలుసో చెప్పలేం. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు ఆ చోటు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది. ఆ ఎస్పీ కొలువు చేసిన కార్యాలయం మహబూబ్‌నగర్‌లో ఉండిపోయింది.

నల్లగొండ వైపు ఇటీవలి గాయం 2015 ఏప్రిల్‌ది. ఒకటో తారీకు అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో బస్సు తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే ప్రాణాలు విడిచారు. కాల్పులు జరిపినవాళ్ల కోసం గాలింపు సాగుతుండగా నాలుగో తారీకున మోత్కూరు వైపు జానకీపురం దగ్గర మళ్లీ ఎదురుకాల్పులు జరిగాయి. కానిస్టేబుల్ నాగరాజు చనిపోయాడు. ఒంట్లో తూటాలతో ఆసుపత్రిలో చేరిన ఆత్మకూరు(ఎం) ఎస్సై సిద్ధయ్య మూడు రోజులు కొట్టుమిట్టాడి ఏడో తారీకున కన్నుమూశాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడే భార్య బిడ్డను కన్నది. ఆ వార్త చదివి కళ్లు చెమర్చని వాళ్లు అప్పట్లో ఈ రెండు జిల్లాల్లో తక్కువ.

సిద్ధయ్య జడ్చర్ల వైపు మనిషి. పనిచేసిన ఠాణా ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అప్పట్లో అదంతా నల్లగొండే. పుట్టిన నేల ఒక జిల్లాలో, తూటా తగిలిన నేల మరో జిల్లాలో. పోలీసు ఉద్యోగంలో ఇది మామూలే, బదిలీలు ఉంటాయి కదా. కానీ జ్ఞాపకం దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇక్కడే. చనిపోయిన ఒక్క మనిషికి మూడు చోట్లు ఏర్పడతాయి: పడిపోయిన చోటు, పేరు చెక్కిన చోటు, దేహం మట్టిలో కలిసిన చోటు. మొదటిది రోడ్ల శాఖదో అటవీ శాఖదో అవుతుంది. రెండోది జిల్లా పోలీసుది. మూడోది ఏదో ఒక ఊరి పంచాయతీది. బడ్జెట్టు, తేదీ, మనిషి మూడూ ఉన్నది రెండోదానికే.

హోంగార్డు సంగతి ఇంకా వేరు. నెల జీతం కాదు, దినసరి భృతి మీద పనిచేసే మనిషి. సూర్యాపేట బస్టాండులో ఆ రాత్రి తూటా ఇద్దరికీ ఒకే తీరున తగిలింది. తర్వాత పింఛను, కారుణ్య నియామకం, ఇంటి స్థలం లాంటి విషయాల్లో రెగ్యులర్ ఉద్యోగి కుటుంబం ముందున్న దారి వేరు, హోంగార్డు కుటుంబం ముందున్న దారి వేరు. సాయం అందినా ప్రత్యేక ఉత్తర్వులాగా అందుతుంది, హక్కులాగా కాదు. స్థూపం మీద పేర్ల వరసలో ఈ తేడా ఉండకూడదు. ఉంటే ఆ పరేడ్‌కు అర్థం సగమే.

ఇక్కడ ఇంకో మాట దాటవేయడం నిజాయితీ కాదు. నల్లగొండ జిల్లాలో 'అమరవీరుల స్థూపం' అంటే చాలా ఊళ్లలో మొదట గుర్తొచ్చేది పోలీసుల స్థూపం కాదు. ఊరి నడుమ సుత్తి కొడవలితో ఉన్న ఎర్ర స్థూపం. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక మొదలైన సాయుధ పోరాటంలో రజాకార్ల చేతిలో, నిజాం పోలీసుల చేతిలో, 1948 సెప్టెంబరు తర్వాత వచ్చిన బలగాల చేతిలో చనిపోయినవాళ్ల పేర్లు వాటిమీద ఉంటాయి. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లి స్థూపం అలాంటిదే. తర్వాతి కాలంలో నక్సలైట్లు కట్టిన స్థూపాలను పోలీసులు కూల్చారు, నక్సలైట్లు పోలీసులను చంపారు. ఈ నేలలో రెండు వైపులా అమరులు అనే మాటే వాడారు. పోలీసు సంస్మరణకు ఊళ్లో అంతగా చోటు దొరకకపోవడానికి, అది పరేడ్ మైదానం గోడ దాటకపోవడానికి ఇది ఒక కారణం. నిర్లక్ష్యం ఒక్కటే కాదు. ఊరి పెద్దలకు పోలీసు అంటే ఒక జ్ఞాపకం ఉంది, అది వేరే జ్ఞాపకం. అయితే చనిపోయిన కానిస్టేబుల్ ఎక్కడినుంచో దిగివచ్చినవాడు కాదు, అదే ఊరి రైతు కొడుకో కూలి కొడుకో. గోరీ దగ్గర నిలబడితే యూనిఫాం కన్నా ముందు అతని ఇంటిపేరు గుర్తొస్తుంది. ఊరికి, పోలీసు శాఖకు మధ్య మాట కలిసే చోటు ఏదైనా ఉంటే అది స్థూపం కన్నా గోరీయే కావచ్చు.

పూర్వం ఈ పని ఒకే రాయి చేసేది. కాకతీయుల కాలంనుంచి, అంతకుముందు నుంచి కూడా ఈ ప్రాంతంలో వీరగల్లులు నిలబెట్టారు. పశువుల మంద కోసమో ఊరి కోసమో పోరాడి పడినవాడి బొమ్మ అడుగున, అతన్ని పైలోకానికి తీసుకుపోతున్న అప్సరసలు నడుమ, శివలింగం ముందు కూర్చున్న అతను పైన. నల్లగొండ దగ్గరి పానగల్లు మ్యూజియంలో, పాత గుళ్ల ఆవరణల్లో, కొన్ని ఊళ్లలో చెరువు కట్టలమీద ఇవి కనిపిస్తాయి. వీరుడి కుటుంబానికి భూమి ఇచ్చినట్టు చెప్పే శాసనాలూ ఉన్నాయి. అంటే స్మారకం, ఊరు, కుటుంబ పోషణ మూడూ ఒకచోట ఉండేవి. ఇప్పుడు వాటిలో ఒకటి జిల్లా కేంద్రంలో, ఒకటి పంచాయతీలో, మరొకటి ట్రెజరీలో ఉన్నాయి.

ఇక ఊరి శ్మశానం. తెలంగాణలో దీనికి బొందలగడ్డ అనే మాట ఉంది. పాతే గుంతను బొంద అంటారు, పాతిపెట్టే కులాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు. వీరశైవులు కూర్చోబెట్టి పూడుస్తారు. ఎస్సీ కాలనీలకు చాలా ఊళ్లలో వేరే బొందలగడ్డ. ముస్లింల ఖబరస్తాన్ వక్ఫ్ కింద, క్రైస్తవుల సమాధుల తోట చర్చి కింద. కొన్ని కులాలకు చెరువు శిఖం అంచున నాలుగు గజాల నేల, అదీ వానాకాలంలో నీళ్లలో. ఒకే ఠాణాలో ఒకే డ్యూటీ చేసిన ఇద్దరు చనిపోతే, వాళ్ల ఊళ్లో వాళ్లను పెట్టే చోట్లు వేరు వేరు కావచ్చు. 'ఊరి శ్మశానాన్ని బాగుచేద్దాం' అనే మాటలో ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఏ శ్మశానం?

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం దీనికి ఒక జవాబు ఇవ్వబోయింది. రాష్ట్రంలోని 12,000కు పైగా గ్రామ పంచాయతీల్లో ప్రతిదానికీ ఒక వైకుంఠధామం, అంటే కొత్త శ్మశానవాటిక, అన్నారు. ఎక్కువగా ఉపాధి హామీ నిధులతోనే దహన గద్దెలు, రేకుల షెడ్డు, స్నానాల గదులు, నీళ్ల ట్యాంకు, ప్రహరీ, గేటు కట్టారు. చాలా ఊళ్లకు అది నిజమైన మేలు. అంతకుముందు వానలో పాడె మోసుకుపోయి తడిసిన కట్టెలతో తంటాలు పడినవాళ్లను అడిగితే చెబుతారు. కానీ స్థలం ఎంపికలో తొందర జరిగింది. సర్కారు భూమి ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ కట్టారు, కొన్నిచోట్ల అది ఊరికి రెండు కిలోమీటర్ల దూరం. దారి లేదు, కరెంటు లేదు, మోటారు పోయింది, గదుల తలుపులు పోయాయి. జనం పాత చోటికే పోయారు. పాతిపెట్టే కులాలకైతే దహన గద్దెతో పనేముంది? కొత్తది వాడకంలోకి రాలేదు, పాతదానిమీద పైసా ఖర్చుకాలేదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయాక ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఆ పాలనలో శ్మశానం పని చివరి వరసలోనే ఉండిపోయింది.

దీనికన్నా మెల్లగా, చప్పుడు లేకుండా జరిగిన నష్టం ఇంకొకటి ఉంది. ఏ గోరీ ఎవరిదో ఊళ్లో తెలిసిన మనిషి బేగరి. బొంద తవ్వేది ఆయనే కాబట్టి, ఎక్కడ తవ్వితే ఎవరి ఎముకలు తగులుతాయో ఆయనకే తెలుసు. పేరు చెక్కిన రాయి పెట్టుకునే స్తోమత చాలామందికి లేదు. నాలుగు రాళ్లు, ఒక మట్టి కుప్ప, పైన ఒక తంగేడు మొక్క, అంతే గుర్తు. బేగరి, నీరటి లాంటి గ్రామ సేవకులు తర్వాత వీఆర్ఏలు, అంటే గ్రామ రెవెన్యూ సహాయకులు, అయ్యారు. 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దుబాటు చేశారు. ఆ కుటుంబాలకు అది మంచి రోజు, తరాల వెట్టి పనినుంచి విడుదల. ఊరికి మాత్రం శ్మశానం పటం పోయినట్టయింది. ఆ పటం ఎప్పుడూ కాగితం మీద లేదు.

అందుకే జేసీబీని చూస్తే భయపడాలి. సర్కారు తుమ్మ పెరిగిన శ్మశానాన్ని ఒక్క పూటలో చదును చేస్తుంది, గంటల లెక్కన బిల్లు వస్తుంది, ఫొటోలో శుభ్రంగా కనిపిస్తుంది. కుప్పలు, గుర్తు రాళ్లు కూడా ఆ పూటే పోతాయి. తుమ్మ మొదలు మిగిలితే మళ్లీ చిగురేస్తుంది, రెండేళ్లలో మళ్లీ అడవే. చేత్తో నరికి, వేరు తవ్వి తీసి, కాయ రాలకముందే కాల్చేస్తే ఫలితం ఉంటుంది. గోరీల మధ్య వేప, కానుగ పెడితే నీడకు నీడ. గోరీని ఆనుకుని రావి మొక్క మొలిస్తే మాత్రం చిన్నప్పుడే పీకాలి, పదేళ్లయితే అది గద్దెను రెండుగా చీల్చేస్తుంది. దేవుడి చెట్టని ఎవరూ ముట్టుకోరు, అదో చిక్కు. నాపరాయితో, షాబాదు బండతో కట్టిన గోరీల మీద బాత్రూమ్ యాసిడ్ పోసి తోమడం ఇంకో పొరపాటు. ఆ రాయి సున్నపు జాతి, యాసిడ్ దాన్ని తినేస్తుంది, అక్షరాలు ముందు పోతాయి. నీళ్లు, కొబ్బరి పీచు చాలు. అక్టోబరులో స్థూపం కడిగేవాళ్లకూ ఇది పనికొచ్చే మాటే.

ఆక్రమణ విషయంలో చట్టం ఉంది గానీ పదును తక్కువ. పాత ఐపీసీలో 297వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 301. శ్మశానంలోకి చొరబడితే ఏడాది వరకు జైలు. అయితే ఎవరి మనసైనా నొప్పించాలనో మతాన్ని అవమానించాలనో ఉద్దేశం ఉన్నట్టు, కనీసం అలా జరుగుతుందని తెలిసీ చేసినట్టు రుజువు కావాలి. ఏడాదికి రెండు సాళ్లు చొప్పున నాగలిని లోపలికి జరిపే పక్క రైతు మీద ఆ కేసు నిలవదు. సర్వే చేసి హద్దు రాళ్లు పాతడమే అక్కడ పనిచేసేది. పహాణీలో, అంటే రెవెన్యూ భూమి రికార్డులో, శ్మశానమని రాసి ఉంటే సగం పని అయినట్టే. రాసి లేనివే ఎక్కువ తగువులు తెస్తాయి.

పొలంలో కట్టుకున్న సమాధులది ఇంకో తీరు. కొడుకు చనిపోతే సొంత చెలకలోనే, బావి గడ్డమీద, సమాధి కట్టుకోవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నది. విధుల్లో పోయిన పోలీసులకు కూడా చాలా కుటుంబాలు అట్లాగే కడతాయి, విగ్రహం పెట్టినవాళ్లూ ఉన్నారు. కన్నవాళ్లు బతికి ఉన్నంతకాలం దాన్ని మించిన సంరక్షణ లేదు. తర్వాతే సమస్య. హైవే వెంట జడ్చర్ల, చౌటుప్పల్, భువనగిరి వైపు భూముల ధరలు పెరిగాక చెలకలు వెంచర్లవుతున్నాయి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఎకరాలు, గుంటలు ఉంటాయి గానీ సమాధికి కాలమ్ లేదు. అమ్మేటప్పుడు ఆ ఒక్క గుంటను, దానికి దారిని విడిగా రాసుకోకపోతే కొన్నవాడి దయ.

ప్రాజెక్టుల కింద మునిగే ఊళ్లకు చట్టం ఈ మాటను గుర్తుపెట్టుకుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూల్‌లో పునరావాస కాలనీలో ఉండాల్సిన సౌకర్యాల జాబితా ఉంది. అక్కడి కులాలు, వాళ్ల ఆచారాలను బట్టి ఖనన స్థలం గానీ దహన స్థలం గానీ ఇవ్వాలని అందులో రాసి ఉంది. పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల కింద ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు ఇల్లు, పరిహారంతోపాటు దీన్ని కూడా అడగవచ్చు. శ్రీశైలం ముంపు రోజుల్లో ఈ రాత లేదు. గుళ్లను రాయి రాయి విప్పి ఒడ్డుకు తెచ్చారు, గోరీలను ఎవరూ తేలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత ఊరి గోడలు తేలిన చోటికి పోయి తాత గోరీ ఇదేనేమో అని వెతుక్కునేవాళ్లు కొల్లాపూర్ వైపు ఉన్నారు.

కృష్ణ వెంట ఇంకొంచెం ఎగువకు పోతే, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువు రాళ్లున్నాయి. మూడువేల ఏళ్లకు పైబడిన బృహత్ శిలాయుగపు చోటు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఆ రాళ్లు ఎవరి కోసం పాతారో, వాళ్ల పేర్లేమిటో ఏ మనిషికీ తెలియదు. ఊరివాళ్లు వాటిని నిలురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతారు. పొలాలు చదును చేసినప్పుడు చాలా రాళ్లు పోయాయి. పెద్దవి ఇంకా నిలబడే ఉన్నాయి, అందులో పురావస్తు శాఖ బోర్డు కన్నా ఆ మొక్కు పాత్రే ఎక్కువ.

కనుక కొత్తగా స్మారకాలు కట్టడం కన్నా చిన్న పని ఒకటి ముందుంది. ప్రతి జిల్లా పోలీసు కార్యాలయంలో అమరుల జాబితా ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఇంకో గడి గీసి, దేహం ఏ ఊళ్లో, ఏ శ్మశానంలో లేదా ఏ సర్వే నంబరు పొలంలో ఉందో రాసుకుంటే చాలు. ఉమ్మడి జిల్లా విడిపోయిన చోట పాత జాబితాను కొత్త జిల్లాలకు పంచాలి. పంచాయతీకి ఒక ఉత్తరం పోవాలి, ఊళ్లోని ముసలి బేగరిని పిలిచి బతికుండగానే శ్మశానం గీత గీయించుకోవాలి. పెద్ద ఖర్చు లేదు. పంచాయతీ ట్రాక్టరు, మల్టీపర్పస్ వర్కర్లు, రెండు రోజుల పని.

వేళ కూడా కుదురుతుంది. పెత్రమాస (పెద్దల అమావాస్య) ముందు ఇళ్లవాళ్లు ఎట్లాగూ పెద్దలను తలచుకుంటారు, ఎంగిలిపూల బతుకమ్మ ఆ సాయంత్రమే. 2025లో అది సెప్టెంబరు 21న వచ్చింది, సంస్మరణ దినానికి సరిగ్గా నెల ముందు. 2026లో అక్టోబరు 10న వస్తుంది. ఆ వారంలో తుమ్మ కొట్టి దారి తీస్తే, ఇరవై ఒకటిన పరేడ్ అయిపోయాక ఆ ఊరి ఠాణా ఎస్సై ఒక దండ పట్టుకుని గోరీ దాకా నడిచి పోవచ్చు.